కాచి చల్లార్చిన మూడున్నర గ్లాసులు

ముందు పోయినవాటి లెక్క చెబుతాను. ఒక మనిషి మూత్రం కొలత, ఒక పగటిదీ ఒక రాత్రిదీ, పూర్తిగా పోయింది. దాన్ని తిరిగి రాబట్టే మార్గం ఇంతవరకూ దొరకలేదు. ఆ పగలూ రాత్రీ చేయవలసిన వైద్యానికి ఉన్న వ్యవధి పోయింది. ఆపవలసిన నొప్పి ఇంజక్షన్లు మూడు ఆయన ఒంట్లోకి పోయాయి. ఆసుపత్రి కాగితాల్లో నిజం ఉండవలసిన చోటు ఒకటి పోయింది, అక్కడ ఈనాటికీ తప్పు అంకే ఉంది. చివరగా ఆ మనిషి కిడ్నీల పనిలో కొంత భాగం పోయింది. అది ఎంతో అంకెలో చెప్పగలను. కానీ ఆ అంకెకు అర్థం తెలియాలంటే మిగతాది ముందు చెప్పాలి.

కరోనా తగ్గిన మరుసటి ఏడాది వేసవిలో నన్ను జగిత్యాలలోని ఒక ప్రైవేటు గుండె ఆసుపత్రిలో స్టెప్‌డౌన్ వార్డు ఇన్‌చార్జి సిస్టరుగా వేశారు. ఐసీయూకీ మామూలు వార్డుకీ మధ్య మెట్టు ఈ వార్డు. గుండె ఆపరేషన్ అయినవాళ్ళు ఒకటి రెండు రోజులు ఐసీయూలో ఉండి, ఇంకా గొట్టాలు తీయకముందే ఇక్కడికి వస్తారు. ఐసీయూలో ఒక రోగికి ఒక నర్సు. ఇక్కడ పద్నాలుగు మంచాలకు మామూలు రోజుల్లో ముగ్గురు, ఆదివారాల్లో ఇద్దరు. అందుకే ఇక్కడ రోగికి తోడుగా ఇంటిమనిషి ఒకరిని ఉండనిస్తారు. ఉండనిచ్చాక వాళ్ళ చేత కొన్ని పనులు చేయిస్తారు. ఇది ఏ రూల్సు పుస్తకంలోనూ ఉండదు, అన్ని ఆసుపత్రుల్లోనూ ఉంటుంది.

సర్జన్ గారు హైదరాబాదు నుంచి మంగళ, శుక్రవారాల్లో వచ్చి ఆపరేషన్లు చేసి వెళ్ళేవారు. మిగతా రోజుల్లో డ్యూటీ డాక్టర్లు చూసుకుని, ఫోన్లో ఆయనకు చెప్పేవారు. నా ఇల్లు కోరుట్లలో. పొద్దున బస్సెక్కితే డ్యూటీ మారే వేళకు వార్డులో ఉండేదాన్ని.

నాకు లెక్కలు ఎవరూ నేర్పలేదు. నర్సింగు చదువులో రోగి ఎంత తాగాడో, ఎంత పోశాడో రాయమన్నారు. రాసినదాన్ని ఏం చేసుకోవాలో చెప్పలేదు. ఉద్యోగంలో చేరిన మొదటి పదేళ్ళూ ఆ షీట్లు నింపి ఫైల్లో పెట్టడమే పని. తర్వాత ఎవరి పుస్తకమో అడిగి తెచ్చుకుని చదువుతూ, బస్సులో కూర్చుని వేళ్ళ మీద గుణించుకుంటూ, ఆ అంకెలు ఒకదానితో ఒకటి పొసగాలని తెలుసుకున్నాను. లోపలికి పోయింది, బయటికి వచ్చింది, ఒంటి బరువు, ఈ మూడింటిలో రెండు తెలిస్తే మూడోది దాదాపు చెప్పవచ్చు. చెప్పింది కుదరకపోతే ఎక్కడో తప్పుంది. ఇంతకు మించిన విద్య నాకు రాదు.

గుండె ఆపరేషన్ తర్వాత కిడ్నీలను కనిపెట్టుకుని ఎందుకు ఉంటారో రెండు మాటల్లో చెబుతాను. ఆపరేషన్ జరుగుతున్నంతసేపు గుండెను ఆపి, రక్తాన్ని ఒక మిషను తిప్పుతుంది. కిడ్నీలకు ఆ మిషను తోపుడు అలవాటు ఉండదు. కొందరికి అక్కడే దెబ్బ తగులుతుంది, కొందరికి తర్వాత బీపీ పడిపోయి తగులుతుంది. నొప్పి ఉండదు, జ్వరం రాదు, మనిషి కూర్చుని మాట్లాడుతూనే ఉంటాడు. తెలిసేది రెండు దారుల్లో. ఒకటి మూత్రం తగ్గడం. కిలో బరువుకు గంటకు అర మిల్లీలీటరు చొప్పున కనీసం రావాలి. ఆరు గంటలపాటు అంతకంటే తక్కువ వస్తే కిడ్నీకి దెబ్బ తగిలిందని అనుకోవాల్సిందే. రెండోది రక్తంలో క్రియాటినిన్. అది కండరాల్లో పుట్టే చెత్త, దాన్ని కిడ్నీలు బయట పోస్తాయి. రెండు రోజుల్లో 0.3 పెరిగినా ప్రమాదమే. అయితే ఈ అంకె ఆలస్యంగా కదులుతుంది. మున్సిపాలిటీ చెత్త బండి ఇవాళ రాకపోతే వాడ మూలన కుప్ప రేపటికి గానీ కంటికి కనబడదు. అంతకంటే ముందే పట్టే పరీక్షలు పెద్ద నగరాల్లో ఉన్నాయని విన్నాను. మాకు ఉన్నది మూత్రం పైపుకు తగిలించిన ఒక ప్లాస్టిక్ సంచి, దాని కింద ఒక కొళాయి, ఒక గీతల మగ్గు.

రోగి పేరు అంబదాసు, సిరిసిల్లలో పవర్‌లూమ్ కార్మికుడు. యాభై దాటాయి. షిఫ్టుకు ఎనిమిది సాంచాలు నడిపేవాడు. సాంచా అంటే అక్కడ మరమగ్గం. భార్య కళావతి బీడీలు చేస్తుంది. బరువు 58 కిలోలు, ఆపరేషన్‌కు ముందు క్రియాటినిన్ 0.9. శుక్రవారం బైపాస్ అయింది. శనివారం ఐసీయూలో మూత్రం బాగానే వచ్చింది, క్రియాటినిన్ 1.0. ఆదివారం పొద్దున మా వార్డుకు పంపారు. అప్పుడు బరువు 59.6. ఆపరేషన్లో ఎక్కిన నీటితో ఆ మాత్రం పెరగడం మామూలే.

ఆ ఆదివారం నాకు వారపు సెలవు. సోమవారం పొద్దున వచ్చి చార్జి తీసుకుంటూ షీట్లు చూశాను. అంబదాసు షీటు అందరికంటే ముచ్చటగా ఉంది. పగలు 510, రాత్రి 500, మొత్తం 1010. రంగు అనే చోట 'లేత పసుపు, తేట' అని ఉంది. ఆ రోజు చేయవలసినవి కూడా దాని కిందే ఉన్నాయి. మూత్రం పైపు తీసేయడం, బీపీ మాత్ర తిరిగి మొదలుపెట్టడం, నొప్పికి డైక్లోఫెనాక్ ఇంజక్షన్ కొనసాగించడం, మామూలు వార్డుకు మార్చడం. రక్తపరీక్ష మంగళవారానికి. మూత్రం ఇంత చక్కగా వస్తుంటే సోమవారం రక్తం ఎందుకని తీసేశారు.

నాకు నచ్చనిది ఒక్కటే. పొద్దున తూచిన బరువు 60.9. అంటే ఒక్కరోజులో కిలో మూడు వందల గ్రాములు పెరిగాడు. లోపలికి పోయింది, నోటితో తాగిందీ సీసాలతో ఎక్కిందీ కలిపి, 2100. బయటికి వచ్చింది 1010. చెమటా ఊపిరీ కింద ఆరు వందలు తీసేస్తే మిగలవలసింది అయిదు వందలు, అంటే అర కిలో. మిగతా ఎనిమిది వందలు ఎక్కడివి?

డ్యూటీ డాక్టరు గారికి చూపించాను. ఆయన చిన్నవాడే గానీ శ్రద్ధ ఉన్న మనిషి. తూకం మిషను తప్పు కావచ్చు కదా సిస్టర్ అన్నారు. అనడంలో తప్పులేదు, ఆ మిషనును ఆదివారం తుడిచేవాళ్ళు జరిపారు. సరేనని మిషనును సమంగా పెట్టి, పక్క మంచాల వాళ్ళలో నడవగలిగిన ఇద్దరిని తూచాం. ముందురోజు బరువులే వచ్చాయి. నేను ఎక్కాను. నా బరువు నాకు తెలుసు, అదే చూపించింది. ఆ మాటకొస్తే అది తప్పు చూపించాలని నేను కోరుకున్న సందర్భం అదొక్కటే. అంబదాసును మళ్ళీ ఎక్కించాం. 60.9.

"ఏంది మేడం, ఇయ్యాల నన్ను గిన్నిసార్లు జోకుతున్నరు, కొనుక్కపోతరా ఏంది?" అన్నాడతను. జోకడం అంటే ఇక్కడ తూచడం.

ఇంక మిగిలింది కాగితం మీద అంకె. నా అనుమానం నేరుగా శిరీష మీదికి పోయింది. ఆదివారం పగటి డ్యూటీ ఆ అమ్మాయిదే. చేరి ఏడాది. ఇద్దరు నర్సులు, పద్నాలుగు మంచాలు. చూడకుండా ఒక అంకె రాసేసి ఉంటుందనుకున్నాను. ఇంటికి పోబోతున్న రాత్రి నర్సునూ, హాస్టల్లో ఉన్న శిరీషనూ పిలిపించి నిలబెట్టి అడిగాను.

"నా కండ్లతోని చూసిన మేడం. ఆయన భార్యనే మగ్గు తెచ్చి చూపిచ్చింది. ఐదు వందల గీత దాటి ఉండె. నేను ఉత్తగనే ఎందుకు రాస్త?" అని శిరీష కళ్ళనీళ్ళు పెట్టుకుంది. రాత్రి నర్సు కూడా అదే చెప్పింది. సరిగ్గా గీత మీద ఉందంది.

సరిగ్గా గీత మీద! మనిషి కిడ్నీలు గీత చూసి పోయవు. రాత్రి అంకె సరిగ్గా 500 కావడం చూసినప్పుడే ఆగవలసింది. కానీ షీటు మీద గుండ్రని అంకె అందరికీ అందంగానే కనిపిస్తుంది.

సంచి దగ్గరికి పోయి చూశాం. పొద్దున డ్యూటీ మారినప్పుడు ఖాళీ చేశారు. గంటన్నర దాటింది. అడుగున పది మిల్లీలీటర్లు కూడా లేవు. ఉన్నది చిక్కటి టీ డికాషను రంగులో ఉంది. డాక్టరు గారు పైపు మూసుకుపోయిందేమోనని సెలైనుతో కడిగి చూశారు. పైపు శుభ్రంగా ఉంది. రాత్రంతా లేత పసుపు రంగులో అయిదు వందలు పోసిన మనిషి పొద్దున డికాషను పోయడం ఆయనకూ మింగుడు పడలేదు. ఆ రంగుల తేడాను మొదట పట్టింది ఆయనే.

అప్పుడు కళావతిని అడిగాను. మంచం పక్కన కింద కూర్చుని ఫ్లాస్కు కడుగుతోంది. సంచి ఎలా ఖాళీ చేస్తున్నావమ్మా, మొదటి నుంచి చివరి దాకా చెప్పు అన్నాను. ఆమె భయపడలేదు. పైగా కాస్త గర్వంగానే చెప్పింది.

"కొళాయి తిప్పి మగ్గుల వడ్త మేడం. బాత్రూంలకు తీస్కపోత. మళ్ళ తెచ్చి సిస్టరమ్మకు చూపిస్త. మీరు ఐదు వందలన్నరు, ఐదు వందలిచ్చిన. నిన్న పది ఎక్వనే ఇచ్చిన."

బాత్రూములోకి ఎందుకు అని అడిగాను.

"తక్కువ వడితె నింపాలె గద!"

నింపడం ఏమిటి, దేనితో అన్నాను. నా గొంతు పెరిగిందని పక్క మంచం వాళ్ళు తర్వాత చెప్పారు.

"నీళ్ళతోని మేడం. అయ్యో, నల్లా నీళ్ళు గావు! ఆపరేషన్ పేషెంటుకు కాచి సల్లార్చినయే వాడాలె అన్నరు గద. ఇంటికాంచి తెచ్చిన గిలాస ఉంది, దాంతోనే పోసిన. నిన్న గిలాసన్నర, రాత్రి రెండు గిలాసలు."

నేనూ డాక్టరు గారూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మంచం మీది నుంచి అంబదాసు లేవబోయి, రొమ్ము కుట్లు లాగి మళ్ళీ వాలిపోయి అన్నాడు:

"ఓసి నీ... నా ఉచ్చల గుడ నీళ్ళు కలిపినవానే? పాలమ్మేటోళ్ళు నయం గదనే, వాళ్ళు గింత కలుపరు!"

వార్డంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఇప్పుడు రాస్తుంటే కూడా పూర్తిగా రావడం లేదు. డికాషనులో నీళ్ళు పోస్తే లేత పసుపు అవుతుంది. కిడ్నీలు ఆగిపోతున్న మనిషి మూత్రం, నీళ్ళు కలిపాక, ఆ వార్డులో అందరికంటే ఆరోగ్యంగా కనిపించింది. మేము దానికి 'తేట' అని రాశాం.

ఎందుకిలా చేశావని అడిగితే ఆమె చెప్పింది నేను మరచిపోలేదు. మా ప్రాంతంలో బీడీలు చేసే ఆడవాళ్ళను ఎరిగినవాళ్ళు ఆశ్చర్యపోరు కూడా.

"కార్ఖానల వెయ్యి ఇయ్యాలె అంటె వెయ్యి ఇయ్యాలె మేడం. ఓ కట్ట తక్కువైతె పక్కింటి అక్క దగ్గర బదులు తీస్కోని నింపుత, తెల్లారి మళ్ళ ఆమెకిస్త. తక్కువ తీస్కపోతె బీడీలు తీస్కునే టేకేదారు బుట్ట మొత్తం పక్కకు వెడ్తడు. గా సిస్టరమ్మ ఐదు వందలు రావాలె, వస్తెనే పైపు తీస్తం అనె. రాకపోతె ఈయన్ని మళ్ళ లోపటికి గుంజుకపోతరనుకున్న. ఒక్క రోజు బదులే గద, రేపు ఈయన ఎక్వ పోస్తె సరిపోతదనుకున్న."

రేపు ఎక్కువ పోస్తే సరిపోతుంది! పద్నాలుగు మంచాల వార్డులో, ఒక గుండె సర్జన్, ఇద్దరు డ్యూటీ డాక్టర్లు, నర్సులం ఇందరం ఉండగా, ఒక మనిషి మూత్రాన్ని బీడీ కట్టల్లాగా చేబదులుతో నడిపించింది. ఒక్కరం పట్టలేదు.

శిరీషను మళ్ళీ పిలిచాను. అయిదు వందలు అని ఎవరు చెప్పారు? తానే చెప్పానంది. 58 కిలోలకు గంటకు 29, పన్నెండు గంటలకు 348. ఈ లెక్క అటెండెంట్లకు అర్థం కాదని గుండుగుత్తగా అయిదు వందలు అని చెప్పిందట. ఆ పిల్ల ఉద్దేశం మంచిదే. ఇక్కడ అందరి ఉద్దేశాలూ మంచివే, అదే నా బాధ.

చేయవలసినవి వెంటనే చేశాం. నొప్పి ఇంజక్షన్ ఆపారు, అది కిడ్నీలకు పోయే రక్తాన్ని తగ్గిస్తుంది. అప్పటికి మూడు డోసులు పడ్డాయి. బీపీ మాత్ర మొదలుపెట్టలేదు. గుండె చుట్టూ నీరు చేరి దాన్ని నొక్కుతోందేమోనని ఎకో చేసి చూశారు, చేరలేదు. రక్తం తీసి నేనే ల్యాబుకు పట్టుకుపోయాను. సోమవారం రద్దీ అనీ మధ్యాహ్నానికి ఇస్తామనీ అన్నారు. అక్కడే నిలబడ్డాను. నేను నిలబడి ఉంటే వాళ్ళకు పని సాగదు, అందుకని ముందు మాదే చేశారు. 1.7. శనివారం 1.0. పెరిగింది 0.7, భయపడటానికి 0.3 చాలు.

హైదరాబాదుకు ఫోన్ చేశాం. సర్జన్ గారు మొదట అన్నమాట, నిన్న అయిదు వందల పది వచ్చిందన్నారు కదా అని. జరిగింది డాక్టరు గారు చెప్పారు. ఆయన అంతా విని, అయితే నిన్న అయిదు వందల పది రాలేదా అని మళ్ళీ అడిగారు. ఆయన్ని తప్పు పట్టలేను. ఆ అంకె అప్పటికి మా షీటు నుంచి డాక్టరు నోట్సులోకీ, అక్కడి నుంచి డాక్టర్ల వాట్సాప్ గ్రూపులోకీ, అక్కడి నుంచి ఆయన తలలోకీ పోయి స్థిరపడింది. ఒక అంకెను రాయడానికి రెండు క్షణాలు పడుతుంది. దాన్ని వెనక్కి తీసుకోవడానికి మాకు సోమవారమంతా పట్టింది.

అంబదాసును తిరిగి ఐసీయూకు మార్చాం. కళావతి భయపడింది సరిగ్గా దానికే, అదే జరిగింది. తలుపు దగ్గర మంచం చువ్వ పట్టుకుని వదల్లేదు. నాకు ఓపిక అప్పటికే అయిపోయింది. ఇక్కడిదాకా నువ్వే తెచ్చుకున్నావు, ఉన్నది ఉన్నట్టు చూపిస్తే నీ సొమ్మేం పోయేదని గట్టిగానే అన్నాను. ఆమె చువ్వ వదిలి నా వైపు తిరిగింది.

"ఎంత రావాల్నో చెప్పిన్రు గని మేడం, రాకపోతె ఏం జెయ్యాల్నో చెప్పిన్రా?"

మంచాన్ని లోపలికి తోయమన్నాను. ఆమె అడిగింది న్యాయమే కాబట్టి ఇంకొంచెం కోపం వచ్చింది.

ఐసీయూలో గంట గంటకూ కొలిచారు. మొదటి మూడు గంటలకు 9, 7, 11. రావలసింది 29. కరీంనగర్ నుంచి కిడ్నీ డాక్టరు గారు ఫోన్లోనూ, సాయంత్రం స్వయంగా వచ్చీ చూశారు. బీపీని పైన నిలబెట్టమనీ, నీళ్ళు లెక్కగా మాత్రమే ఇవ్వమనీ, మూత్రం వచ్చే మందు ఒకసారి ఇచ్చి చూడమనీ చెప్పారు. డయాలిసిస్ కోసం మెడలో వేసే గొట్టం ట్రే మంచం పక్కనే పెట్టించారు. కానీ ఇంకా విప్పవద్దన్నారు. మంగళవారం క్రియాటినిన్ 2.2. బుధవారం 2.6. ఆ రోజు అంబదాసు హాస్యమాడలేదు. మొహం ఉబ్బింది. డయాలిసిస్ అంటే వారానికి మూడు సార్లట కద, సాంచాల కాడ నా జాగ ఉంచుతరా అని మాత్రం అడిగాడు. షిఫ్టుకు రాని మనిషి సాంచాలు మరొకడికి పోతాయని అతనికి తెలుసు, నాకూ తెలుసు. కళావతి ఐసీయూ బయట బెంచీ మీద కూర్చుని లోపలికి వచ్చిపోయే ప్రతి నర్సునూ 'ఎంతొచ్చింది?' అని అడిగేది. ఎంత అయితే సరిపోతుందని మాత్రం అడగడం మానేసింది.

గురువారం గంటకు 20 వచ్చింది, సాయంత్రానికి 35. క్రియాటినిన్ 2.6 దగ్గరే నిలిచింది. శుక్రవారం 2.3. ట్రే విప్పకుండానే స్టోరుకు తిరిగి పోయింది. మంగళవారం దాకా ఎవరూ రక్తం చూడకపోయి ఉంటే, ఈలోగా ఇంజక్షన్ కొనసాగి బీపీ మాత్ర పడి ఉంటే, ఆ ట్రే విప్పవలసి వచ్చేదని కిడ్నీ డాక్టరు గారి అభిప్రాయం. విప్పవలసి వచ్చేదే అని నేను రాయను. అది తేలే విషయం కాదు.

ఇక ఆసుపత్రి ఏం చేసిందో చెప్పాలి. మంగళవారం మీటింగు పెట్టారు. నేను అడిగింది ఒక్కటే, ఆదివారాలకు మూడో నర్సు. మంజూరైంది ఒక బోర్డు. 'మూత్రపు సంచిని అటెండెంట్లు ముట్టరాదు' అని ఎర్రక్షరాలతో రాయించి వార్డు గోడకు తగిలించారు. సంచి ఎవరు ఖాళీ చేయాలో బోర్డు మీద రాయలేదు. రెండు వారాలు తిరగకముందే సారంగాపూర్ నుంచి వచ్చిన ఒక పెద్దాయన, కొడుకు సంచి నిండి ఉబ్బిపోయినా, బోర్డు చూపిస్తూ దూరంగా కూర్చున్నాడు. "మీరే ముట్టద్దన్నరు. నేనైతె ముట్టలే" అన్నాడు. ఆ మాటలోనూ తప్పు లేదు.

రెండోది, తప్పు అంకె. ఆదివారం షీటు మీద 510ని కొట్టేసి పక్కన నిజం రాయబోయాను. రికార్డుల సెక్షన్ వాళ్ళు ఒప్పుకోలేదు. ప్రభుత్వ పథకం కింద జరిగిన ఆపరేషన్, ఫైల్లో కొట్టివేతలుంటే ఆడిట్‌లో వెనక్కి పంపుతారట. వేరే కాగితం మీద వివరణ రాసి జతచేయమన్నారు. రాశాను. డిశ్చార్జి సమ్మరీ టైపు చేసే అతను నా కాగితం చూడలేదు, షీటు చూశాడు. అందువల్ల అంబదాసు ఇంటికి తీసుకుపోయిన కాగితంలో ఆపరేషన్ మూడోరోజు మూత్రం తృప్తికరంగా వచ్చినట్టే ఉంది. దాని కింది పేరాలోనే కిడ్నీకి దెబ్బ తగిలినట్టూ ఉంది. రెండూ ఒకే పేజీలో ఒకదాని కింద ఒకటి హాయిగా ఉన్నాయి.

మా వార్డులో నేను మార్చినవి రెండే. ఎంత రావాలో అటెండెంట్లకు చెప్పడం మాన్పించాను. ఎంత వచ్చిందో అడగాలి, అంతే. తక్కువొస్తే తక్కువే తెచ్చి చూపించు, చుక్క వచ్చినా చుక్కే చూపించు, తక్కువొచ్చిందని ఎవరినీ ఎక్కడికీ గుంజుకుపోము అని వాళ్ళ మాటల్లోనే చెప్పమన్నాను. ఆ చివరి మాట పూర్తిగా నిజం కాదు, తక్కువొస్తే గుంజుకుపోతాం. కానీ ఆ మాట చెప్పకపోతే అంకె రాదు. రెండోది, రోజూ పొద్దున బరువు తూచి ముందురోజు లెక్కతో సరిచూడటం. మూత్రంలో నీళ్ళు కలపవచ్చు గానీ తూకంలో కలపలేరు. నర్సులు దీన్ని 'మేడం జోకుడు' అని పేరు పెట్టి ఏడాదిపాటు విసుక్కున్నారు. నేను మోకాళ్ళ నొప్పులతో గడువుకు ముందే రిటైరై వచ్చాక అది కొనసాగుతోందో లేదో తెలియదు. అడిగితే కొనసాగుతోంది అనే అంటారు. అందుకే అడగలేదు.

అంబదాసు పన్నెండో రోజు ఇంటికి పోయాడు, 1.7తో. మూడో నెలలో తప్పక మా ల్యాబులోనే చేయించమని చెప్పి పంపాను. సిరిసిల్లలోనే చేయించుకుని నాకు ఫోన్ చేశారు. 1.1 వచ్చిందట, ల్యాబు కాగితం మీద 1.3 దాకా నార్మల్ అని ఉందట. కళావతి ఫోన్లోనే సంతోషంగా చెప్పింది: "నార్మలే మేడం, మొత్తం నార్మలే!" ఆ కాగితం మీది నార్మల్ అందరికీ కలిపి వేసిన గీత అనీ, మీ ఆయన సొంత గీత 0.9 అనీ, ఒక్కో మిషను ఒక్కోలా చూపిస్తుందనీ, అందుకే మొదట చేసిన చోటే చేయించమన్నాననీ చెప్పాను. ఆమె అంతా విని, మరి ఆ 0.2 తేడాకు ఏం చేయాలో చెప్పండి మేడం అంది. నింపకు అన్నాను. ఆమె నవ్వింది. ఈసారి నేనూ నవ్వాను, ఒప్పుకోక తప్పదు.

తర్వాతి వారం రుద్రంగిలో కళావతి తల్లిగారింటికి వచ్చి, అక్కడి నుంచి బస్సులో కోరుట్ల మీదుగా ఇద్దరూ జగిత్యాల వచ్చారు. మా ల్యాబులో 1.2. ఏడాదికి మళ్ళీ చేయించాం. 1.2. ఆ తర్వాత చేయించినప్పుడూ అంతే. అతను సాంచాల మీదికి పోతున్నాడు, ఎనిమిదికి బదులు ఆరు నడుపుతున్నాడు. నొప్పి మాత్రలు ముట్టడు. ఆ గిలాసను ఒకసారి తెమ్మన్నాను, ఎన్ని మిల్లీలీటర్లదో కొలిస్తే ఆ పగలూ రాత్రీ నిజంగా ఎంత వచ్చిందో రాబట్టవచ్చని. వచ్చిన ప్రతిసారీ మరచిపోయానంటుంది.

దీంట్లో నేను నేర్చుకున్నది చిన్నది. కొలతను కోటాగా చెబితే జనం కోటా చెల్లిస్తారు, కొలత పోతుంది. కిడ్నీ దెబ్బను ముందుగా పట్టడానికి ఎన్ని కొత్త పరీక్షలు వచ్చినా, మొదటి అంకెను తెచ్చే మనిషికి తక్కువ తేవడానికి భయం లేకుండా చేయకపోతే మిగతావన్నీ ఆలస్యంగానే వస్తాయి.

ఆపరేషన్‌కు ముందు 0.9. ఇప్పుడు 1.2. తిరిగి రావలసింది 0.3, ఇంకా రాలేదు.